ఘటోత్కచుడికి వేరే టిక్కెట్టా?

ఈ వారం సినిమా కబుర్లు కాస్త పక్కన పెడుతున్నాం. కంగారు పడకండి... ఎంతో దూరం పోవడం లేదు, హాలు పక్క సందు దాకానే!

హౌస్‌ఫుల్ బోర్డు చూసి వెనక్కి తిరిగిన కుర్రకారు ఏం చేస్తుంది? ఇంటికి వెళ్ళిపోతుందా? "సినిమాకి" అని చెప్పి వచ్చినవాడు అరగంటలో గుమ్మంలో ప్రత్యక్షమైతే ఇంకేమన్నా వుందా! జేబులో టిక్కెట్టు డబ్బులున్నాయి. ముందు మూడు గంటల టైముంది. తొంభైల్లోనూ, ఆ తర్వాత మరో పది పన్నెండేళ్ళూ ఆ డబ్బులకీ ఆ టైముకీ మన వూళ్ళల్లో ఒకటే చిరునామా... వీడియో గేమ్ పార్లరు. గుడ్డి వెలుతురు గది, గోడ వారగా నాలుగు టీవీలు, పట్టీ పట్టీ నున్నగా అరిగిపోయిన బటన్లు, వెనకాల నిలబడి ఉచిత సలహాలిచ్చే పది మంది. ఏలూరు కుర్రాడైనా, తాడేపల్లిగూడెం కుర్రాడైనా, కైకలూరు నుంచి బస్సెక్కి వచ్చిన కొల్లేటి లంకల కుర్రాడైనా అక్కడ కొట్టుకునేది ఒకే ఒక్క సంగతి మీద... "నాకు వీడు కావాలి. వీడెందుకు రావడం లేదు?"

అవును, ఫైటింగ్ గేముల్లో అందరు ఫైటర్లూ మొదటి రోజే రారు. కొందరు ఎదురుగా నవ్వుతూ నిలబడతారు. మరి కొందరు తాళం వేసిన గదిలో వుంటారు. ఆడి గెలిస్తేనే "ఓపెన్" అవుతారు. ఇది న్యాయమా? డబ్బు పెట్టి ఆట కొనుక్కున్నవాడికి మొత్తం సైన్యాన్ని ఒక్కసారే ఇచ్చెయ్యాలా? లేక చెమటోడ్చి ఒక్కొక్కణ్ణీ సంపాదించుకోమనాలా? ఈ తగాదా ప్రపంచమంతటా ముప్ఫై ఏళ్ళుగా నడుస్తూనే వుంది. మనమూ ఓ చెయ్యి వేద్దాం.

ముందు మనకు తెలిసిన చోట మొదలుపెడదాం. "మాయాబజార్" (1957) చూడనివాళ్ళు ఈ పత్రిక చదవరని నా ధైర్యం. ఆ సినిమాలో జనం ఎవరి కోసం ఎదురు చూస్తారు? ఘటోత్కచుడి కోసం! యస్.వి.రంగారావుగారు నూజివీడులో పుట్టినవారు. 2022లో జిల్లాలు మారాక ఆ లెక్కన మన ఏలూరు జిల్లావారే! ఆ మహానుభావుడు మొదటి రీల్లో కనిపిస్తాడా? కనిపించడు. సినిమా మొదలైన చాలాసేపటికి, సుభద్రా అభిమన్యులు అడవి పట్టాక గానీ ఆ గద భుజాన వేసుకుని రాడు. వచ్చాడా, హాలు దద్దరిల్లిపోవాల్సిందే. కె.వి.రెడ్డిగారు ఆయన్ని మొదటి సీను నుంచే పక్కన కూర్చోబెట్టి వుంటే ఆ దద్దరిల్లడం వుండేదా? "మనం" (2014) చివర్లో అఖిల్ ఊడిపడినప్పుడు హాల్లో పుట్టిన కేకలు గుర్తున్నాయా? అదీ ఆ బాపతే. కాబట్టి "దాచిపెట్టడం" అన్నది తప్పు కాదు. అది కథ చెప్పేవాడి హక్కు.

అయితే ఒక్క మాట. విజయావారు ఘటోత్కచుడికి వేరే టిక్కెట్టు పెట్టారా? "నేల టిక్కెట్టు కొన్నవాళ్ళకి శశిరేఖ వరకే, రంగారావు రావాలంటే ఇంకో అణా" అన్నారా? అనలేదు కదా! నా వాదనంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఆటల్లోకి వద్దాం.

ఈ ఫైటింగ్ పిచ్చికి పునాది వేసింది 1991లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన "స్ట్రీట్ ఫైటర్ 2". ఎంచుకోవడానికి 8 మంది. అందులో మన దేశం పేరు చెప్పి పెట్టిన ధాల్సిమ్ ఒకడు... మెడలో పుర్రెల దండ, చేతులు సాగదీసి అవతలి గట్టు మీదున్నవాణ్ణి కూడా కొడతాడు! (మనవాళ్ళని వాళ్ళు ఎలా వూహించుకున్నారో దాని మీద ఇంకో వారం మాట్లాడుకుందాం.) ఈ 8 మందినీ దాటాక నలుగురు విలన్లు ఎదురౌతారు. వాళ్ళతో తన్నులు తినొచ్చు గానీ వాళ్ళుగా ఆడటానికి లేదు. ఎంత ఆడినా తాళం తెరుచుకోదు. ఎందుకంటే అసలు తలుపే పెట్టలేదు! 1992లో "ఛాంపియన్ ఎడిషన్" వచ్చాక గానీ ఆ నలుగురూ ఆటగాడి చేతికి చిక్కలేదు. అంటే విలను వేషం వెయ్యాలంటే ఇంకో మిషను రావాలన్నమాట.

తర్వాత రహస్యాల కాలం వచ్చింది. 1994లో "సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో"లో అకూమా అనే భూతాన్ని తెర వెనక దాచారు. ఫైటర్లను ఎంచుకునే బొమ్మల మీద ఒక వరుసలో, ఒక లెక్కలో ఆగుతూ పోయి, చివర్న బటన్లు కలిపి నొక్కితే వాడు వస్తాడు. తెరమీద ఎక్కడా రాసి వుండదు. ఎస్.ఎన్.కె. కంపెనీవారి "కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97" మన దేశపు పార్లర్లలో ఎంత ఆడారో చెప్పక్కర్లేదు. అందులోనూ ఇదే తంతు. స్టార్టు బటను నొక్కి పట్టుకుని స్టిక్కు అటూ ఇటూ ఆడిస్తే ఇయోరి, లియోనాలు రక్తం ఉడుకెక్కిన రూపంలో దిగుతారు. ఈ "కోడ్" తెలిసినవాడు పార్లరులో చక్రవర్తి! కోడ్ చెప్పమంటే చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టేవాడు. చెప్పించుకోవాలంటే మిరపకాయ బజ్జీలు పెట్టాల్సిందే.

నన్నడిగితే ఈ కోడ్ తాళం భలే మంచి తాళం. దానికి డబ్బు ఖర్చు లేదు, టైము ఖర్చు లేదు. స్నేహం వుంటే చాలు. ఇంటర్నెట్టు లేని రోజుల్లో ఎక్కడో బొంబాయిలోనో మద్రాసులోనో ఎవడో కనిపెట్టిన మూడు నాలుగు కదలికలు రైలెక్కి, దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటుకుంటూ గూడెం దాకా వచ్చాయంటే, అది చేతిరాతతోనూ నోటి మాటతోనూ వచ్చింది. నోటుపుస్తకం వెనక పేజీలో బాణం గుర్తులు గీసుకుని తిరిగినవాళ్ళు ఇప్పుడు పిల్లల తండ్రులు. అడిగి చూడండి, సిగ్గుపడుతూనే గడగడా చెప్పేస్తారు.

ఇక అసలు నాయకుడు... "టెక్కెన్ 3". నామ్‌కో కంపెనీది. ఆర్కేడ్ మిషన్లలో 1997లోనూ, ఇంటి ప్లేస్టేషన్ మీద 1998లోనూ వచ్చింది. మన దేశంలో కుర్రవాళ్ళను అడిగితే ఫైటింగ్ గేమంటే ఇదే. ప్లేస్టేషన్ పెట్టె పోయినా కంప్యూటర్లోకి ఎక్కింది, ఆ తర్వాత సెల్‌ఫోన్లోకి ఎక్కింది. ఇప్పటికీ దిగలేదు!

ఆర్కేడ్ మిషన్లో నామ్‌కోవారి తెలివి చూడండి. దాచిన ఫైటర్లు కొన్నాళ్ళ గడువు గడిచేకొద్దీ వాటంతటవే ఒక్కొక్కరుగా ఓపెన్ అయ్యేవారు. ఎవరూ కష్టపడక్కర్లేదు. "ఈ వారం కొత్తవాడొచ్చాడటరా" అని జనం మళ్ళీ మళ్ళీ వచ్చేలా చెయ్యడం వాళ్ళ ఎత్తు. మన హాళ్ళవాళ్ళు యాభయ్యో రోజున ఒక పాట కలిపి "నేటి నుంచి" అని పోస్టరు వెయ్యరూ, అలాంటిదే.

ఇంటి ప్లేస్టేషన్లో మాత్రం లెక్క వేరు. మొదట 10 మంది ఇస్తారు. జిన్, పాల్, లా, లీ, కింగ్, యోషిమిట్సు, నీనా, హ్వరాంగ్, షావ్‌యూ, ఎడ్డీ. ఒకణ్ణి పట్టుకుని ఆర్కేడ్ ఆట చివరిదాకా గెలిస్తే ఒక కొత్త బొమ్మ వెలుగుతుంది. మళ్ళీ వేరేవాడితో గెలిస్తే ఇంకొకటి. ఇలా ఎలుగుబంటి కూమా, జూలియా, గన్ జాక్, కొయ్యబొమ్మ మొకుజిన్, నీనా చెల్లెలు ఆనా, బ్రయాన్, ముసలి సింహం హెయ్‌హాచి, ఓగర్, వాడి రాక్షస రూపం ట్రూ ఓగర్... మొత్తం తొమ్మిదిమంది. అది చాలదన్నట్టు డాక్టర్ బాస్కనోవిచ్ కోసం "టెక్కెన్ ఫోర్స్" అనే వేరే ఆటని నాలుగుసార్లు నెగ్గాలి. గాన్ అనే బుల్లి డైనోసార్ కోసం బంతాట ఆడాలి!

ఇంట్లో ప్లేస్టేషన్ వున్న పిల్లాడికి ఇది పండగ. వేసవి సెలవులంతా రోజుకొకణ్ణి విప్పుకుంటాడు. ఇంకో మేలు కూడా వుంది. కొత్తవాణ్ణి తేవాలంటే ఇష్టమున్నా లేకపోయినా పది మందితోనూ ఆడాలి. అలా ఆడితేనే గదా నీనా కీళ్ళు ఎలా విరుస్తుందో, కింగ్ ఎలా ఎత్తి కుదేస్తాడో తెలిసేది! లేకపోతే మన కుర్రాళ్ళ సంగతి తెలియంది కాదు. ఎడ్డీని పట్టుకుని రెండు కాళ్ళ బటన్లూ టకటకా కొట్టుకుంటూ కూర్చుంటారు. వాడు గిరగిరా తిరుగుతూ అందర్నీ పడేస్తుంటే "నేను భలే ఆడుతున్నాను" అనుకుంటారు. (ఆ నాట్యం పేరు కపోయిరా, బ్రెజిల్ దేశపు విద్య. బటన్లు బాదేవాడికి ఈ పేరుతో పని లేదు లెండి.)

సరే, అదే ఆట పార్లరులో పెడితే? తాళం ఒక్కటే, ఇల్లు మారింది. అంతే, న్యాయం కూడా మారిపోతుంది!

ఒక లంక కుర్రాణ్ణి అనుకోండి. పేరు మీరే పెట్టుకోండి. ఆదివారం పూట వూళ్ళోంచి కైకలూరు వచ్చి, అక్కణ్ణించి ఏలూరు బస్సెక్కాడు. అదీ కొల్లేరు పొంగి రోడ్డు మీదికి నీళ్ళు రాకుండా వుంటేనే. వానాకాలంలో ఎడ్లగాడి దగ్గర నీళ్ళొచ్చాయంటే ఆ వారం ఆట లేనట్టే. బస్సు ఛార్జీలు పోను చేతిలో ఇరవై రూపాయలున్నాయి. పార్లరులో అరగంటకి పది రూపాయలనుకుందాం. ఆర్కేడ్ ఆట ఒకసారి ముగించడానికి, ఓడిపోయి మళ్ళీ లేచేది కూడా కలిపి, పది నిమిషాలు అనుకుందాం. తొమ్మిదిమంది రావాలంటే తొమ్మిది పదులు తొంభై నిమిషాలు. అంటే ముప్ఫై రూపాయలు. వీడి దగ్గరున్నవి ఇరవయ్యే! పైగా వాడు వచ్చింది ఒంటరిగా ఓగర్‌తో తలపడటానికి కాదు. పక్కన స్నేహితుడున్నాడు, చెరి సగం డబ్బులు వేసుకున్నారు. ఒకడు తాళాలు తీస్తూ కూర్చుంటే రెండోవాడు గోళ్ళు కొరుక్కుంటూ చూస్తుండాలి. వాడి సగం డబ్బులకి వాడికి దక్కిందేమిటి?

ఇంకా వుంది. ఈ ఓపెన్ అయినవాళ్ళు గుర్తుండాలంటే మిషన్లో మెమరీ కార్డు వుండాలి. ప్లేస్టేషన్ మెమరీ కార్డంటే 15 గళ్ళున్న చిన్న బిళ్ళ, మొత్తం కలిపి 128 కిలోబైట్లు. అది లేకపోతే స్విచ్చి ఆపగానే కూమా అడవికి, జూలియా వాళ్ళ వూరికి! ఇక మన కరెంటు సంగతి చెప్పాలా? వేసవిలో కరెంటు కోత ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఎనిమిదోవాడు వచ్చాడు, తొమ్మిదోవాడికి ఓగర్ ప్రాణం చివర్లో వుంది, ఠప్పున తెర నల్లబడింది... ఆ గదిలో అప్పుడు వినబడే మాటలు పత్రికలో అచ్చు వెయ్యడానికి వీల్లేనివి.

అందుకే బుద్ధిమంతుడైన పార్లరు యజమాని ఒక పని చేసేవాడు. రాత్రి షట్టరు దించాక తనే కూర్చుని అందర్నీ ఓపెన్ చేసి, కార్డులో దాచి, ఆ కార్డు మిషన్‌కే వుంచేసేవాడు. పొద్దున వచ్చిన కుర్రాడికి బొమ్మలన్నీ వెలుగుతూ స్వాగతం పలికేవి. లోభి యజమాని కార్డు పెట్టేవాడు కాదు. అడిగితే "పెడితే ఎవడో జేబులో వేసుకుపోతాడు" అనేవాడు. అందులో నిజం లేకపోలేదు గానీ, తాళాలు తీసే టైముకి కూడా గంటకి ఇంత అని తనకే వస్తుందన్న లెక్క వాడికి బాగా తెలుసు. చూశారా! జపాన్‌లో కూర్చున్న ఆట రూపకర్త, ఇంట్లో పిల్లాడు సరదాగా తీసుకోమని వేసిన తాళం, అరగంట అద్దెకి తీసుకున్నవాడి నెత్తిన పన్నుగా మారింది. రూపకర్తకి ఈ సంగతి తోచనే తోచి వుండదు.

మరి అద్దె కుర్రాడికీ సరదా పోకుండా, జేబూ చిల్లు పడకుండా దారి లేదా? వుంది. నింటెండో కంపెనీవారు కనిపెట్టారు. వాళ్ళ "సూపర్ స్మాష్ బ్రదర్స్" 1999లో పదిహేడు తిప్పలు లేకుండా 12 మందితో వచ్చింది. అందులో నలుగురే గుప్తం. 2001లో వచ్చిన "మెలీ"లో దాచినవాళ్ళు పెరిగారు, కానీ ఒక గొప్ప సదుపాయం పెట్టారు. ఒంటరిగా గెలవలేకపోయినా ఫరవాలేదు. స్నేహితులంతా కలిసి కొట్టుకుంటూ వుంటే, ఇన్ని పోట్లాటలు అయ్యాయని మిషను లెక్క పెట్టుకుని, "కొత్తవాడు సవాలు చేస్తున్నాడు" అంటూ ఒకణ్ణి తనే పంపుతుంది! ఎంత ముచ్చట! నలుగురూ నవ్వుకుంటూ ఆడుతుంటే మధ్యలో తలుపు తోసుకుని ఘటోత్కచుడు వచ్చినట్టే గదా. ఇదీ తాళమే. దీని చెవి మాత్రం సరదాలోనే వుంది. పక్కన కూర్చున్నవాడూ ఆ చెవి తిప్పిన పుణ్యంలో వాటాదారే.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ఆడితే తెరుచుకునే తాళాలు. ఆ తర్వాత పర్సు తెరిస్తేనే తెరుచుకునే తాళాలు వచ్చాయి. ఇక్కడ నాకు కోపం వస్తుంది, క్షమించాలి.

2012లో క్యాప్‌కామ్‌వారు "స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్" అమ్మారు. జనం వేలు పోసి డిస్కు ఇంటికి తెచ్చుకున్నారు. తీరా చూస్తే ఆ డిస్కులోనే ఇంకా 12 మంది ఫైటర్లు పూర్తిగా తయారై కూర్చుని వున్నారు! ఎంత ఆడినా రారు. మళ్ళీ డబ్బు కడితేనే వస్తారు. మన ఇంట్లో బీరువా, మనమే కొన్న బీరువా, అందులో ఒక అర మాత్రం కొట్టువాడి తాళంతో! లోకమంతా గగ్గోలు పెట్టింది. పెట్టదూ మరి! కొల్లేటివాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నీళ్ళు అవే, చేపా అదే, మధ్యలో గట్టు వేస్తే ఎవరి నీళ్ళు ఎవరివైపోతాయో వాళ్ళు కళ్ళారా చూశారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో ప్రభుత్వం మిషన్లు తెచ్చి గట్లు కొట్టించింది. ఆ గట్ల వెనక కూలీ నాలీ చేసుకునే బతుకులూ వున్నాయి కాబట్టి ఆ కథ అంత తేలిక కాదు. డిస్కులో గట్టు వెనక మాత్రం ఏ కూలీవాడూ లేడు.

2016లో "స్ట్రీట్ ఫైటర్ 5" వచ్చింది. ఈసారి కాస్త మర్యాదగా... తర్వాత వచ్చే ఫైటర్ కావాలంటే అసలు డబ్బన్నా కట్టండి, లేదా ఆటలో సంపాదించే "ఫైట్ మనీ" లక్ష అన్నా పొయ్యండి అన్నారు. వినడానికి బాగానే వుంది. మొదట్లో సంపాదన ఫరవాలేదు. పోను పోను చేద్దామంటే పని దొరకని కూలీ బతుకైపోయింది. ఆట ఆడుతున్నామా, నౌకరీ చేస్తున్నామా అని అనుమానం వచ్చేసింది చాలామందికి.

ఇక ముచ్చటగా మూడోది వినండి. 2024 జనవరిలో "టెక్కెన్ 8" వచ్చింది. 32 మంది ఫైటర్లు, అందరూ మొదటి నిమిషం నుంచే సిద్ధం. తాళాలు లేవు! "అబ్బ, న్యాయం గెలిచింది" అనుకున్నారు జనం. సంతోషంగా వెతుక్కుంటే అందులో ఒకడు లేడు. ఎవరు? మన ఎడ్డీ! 1998లో పార్లరు గడప తొక్కిన ప్రతి అనామకుడికీ మొదటి రోజే, ఏ షరతూ లేకుండా చెయ్యి అందించిన ఎడ్డీ. వాడు 2024 ఏప్రిల్‌లో వచ్చాడు, వేరే టిక్కెట్టు మీద. సీజన్ పాసు కొన్నవాళ్ళకి మూడు రోజులు ముందే, మిగతావాళ్ళకి తర్వాత... అచ్చం బెనిఫిట్ షో! అదే ఏడాది హెయ్‌హాచి కూడా వచ్చాడు. పాత ఆటలో ఆడి గెలిచి తెచ్చుకున్న ముసలాయన ఇప్పుడు కొంటేనే వస్తాడు.

కంపెనీ పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అధర్మం. ఆ రోజుల్లో పది బొమ్మలు గీసి, ఇంకో పదింటిని పాతవాటి కదలికలే తొడిగి దింపేసేవారు. కూమాకి పాండాని, ఎడ్డీకి టైగర్‌ని అలాగే బట్టలు మార్చి చేశారు! ఇప్పుడు ఒక్క ఫైటర్‌ని తయారు చెయ్యాలంటే బోలెడంత మంది నెలల తరబడి కూర్చోవాలి. ఆట విడుదలయ్యాక కొత్తగా చేసినవాడికి కొత్తగా డబ్బు అడగడంలో తప్పులేదు. సీక్వెల్‌కి టిక్కెట్టు కొనమా? కొంటాం. నా పేచీ అంతా ముందే తయారై వున్నవాణ్ణి గదిలో పెట్టి అమ్మడం దగ్గరే. కొత్తగా చేశారా, ముందే చేసి దాచారా అని తేల్చుకునే దారి మనకి లేదు, అది ఇంకో బాధ. డిస్కు రోజుల్లో తవ్వి చూసేవాళ్ళుండేవారు. ఇప్పుడు అంతా కేబుల్లోంచే దిగుతుంది, ఏం చూస్తాం!

పోటీల సంగతి ఒకటి మిగిలింది. సంక్రాంతి మూడు రోజులూ మన వైపు తోటల్లో ఏం జరుగుతుందో నేను రాయను. చట్టం ఒప్పుకోదు, రాస్తే ఎడిటరుగారు ఒప్పుకోరు! కానీ డేగ, కాకి, నెమలి, సేతువ, రసంగి అంటే ఏమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుందో చెప్పే పెద్దవాళ్ళు ఏడాది పొడుగునా ఆ పుంజుల్ని చూస్తూనే వుంటారు కాబట్టి చెప్పగలుగుతారు. అవతలివాడు గంపలోంచి ఎవరూ ఎన్నడూ చూడని జాతిని తీస్తే? ఫైటింగ్ గేము పందెంలోనూ అంతే. అవతలివాడి దగ్గర మొకుజిన్ వున్నాడు, నా దగ్గర లేడు, వాడితో నేను ఒక్కసారీ ఆడలేదు, వాడి దెబ్బ ఎటు నుంచి వస్తుందో తెలియదు. అది పందెమా, మోసమా?

అందుకే పెద్ద పోటీల్లో అందరు ఫైటర్లూ తెరిచి వుండాల్సిందే. 2018లో నింటెండోవారు "స్మాష్ అల్టిమేట్" తెచ్చినప్పుడు డెబ్బైకి పైగా ఫైటర్లుంటే మొదట చేతికిచ్చింది ఎనిమిదిమందినే. ఇంట్లో ఆడేవాళ్ళు పండగ చేసుకున్నారు. పోటీలు పెట్టేవాళ్ళు మాత్రం ఒక్కో మిషన్ ముందూ కూర్చుని తాళాలు తీసుకోవలసి వచ్చింది. ఒక్క స్విచ్చి పెట్టి "పోటీకి అన్నీ తెరువు" అంటే తీరిపోయే పనికి!

లాహోర్ కుర్రాడు అర్సలాన్ యాష్ గురించి విన్నారా? అక్కడి ఆర్కేడ్లలో "కింగ్ ఆఫ్ ఫైటర్స్" ఆడుతూ పెరిగాడు. 2019లో ముందు జపాన్‌లో జరిగిన ఈవో, తర్వాత అమెరికాలో లాస్‌వేగాస్ ఈవో, రెండింట్లోనూ టెక్కెన్ 7 కిరీటం ఎత్తుకుపోయాడు. కొరియా మహారథి నీ అంతటివాణ్ణి ఆఖరి పోరులో పడేశాడు. లాహోర్ పార్లరుకీ ఏలూరు పార్లరుకీ తేడా ఏముంటుంది చెప్పండి... అదే గుడ్డి వెలుతురు, అవే అరిగిన బటన్లు, వెనకాల అవే ఉచిత సలహాలు. అలాంటి గదుల్లోంచి ఛాంపియన్ రావాలంటే ఆ గదిలో అన్ని పుంజులూ కళ్ళ ముందు తిరుగుతూ వుండాలి. ఇరవై రూపాయలతో వచ్చినవాడి కళ్ళ ముందు కూడా!

తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చి (2015) హాస్టళ్ళు వెలిశాయి. హాస్టలు గదుల్లో ల్యాప్‌టాప్ ముందు రెండు కంట్రోలర్లు పెట్టుకుని రాత్రిళ్ళు కొట్టుకునే బ్యాచ్‌లు ఎక్కడైనా వుండేవే. వాళ్ళకో మనవి. పండక్కి పోటీ పెట్టుకుంటారు గదా, నోటీసులో "అందరు ఫైటర్లూ తెరిచిన ఫైలు మేమే ఇస్తాం" అని ఒక లైను చేర్చండి. డబ్బు పెట్టి కొంటే తప్ప రాని ఫైటర్లని మాత్రం పోటీలో వద్దనండి. లేదా, మిషను పెట్టినవాళ్ళే కొని అందరికీ అందుబాటులో వుంచండి. ఒకడి దగ్గర ఎడ్డీ వుండి ఇంకొకడి దగ్గర లేకపోతే, ఆ పోటీ వాళ్ళ నాన్నల మధ్య పోటీ అయిపోతుంది.

ఇక సెల్‌ఫోన్లో ఇంకా టెక్కెన్ 3 ఆడుతున్న బుల్లి పాఠకులకు... ఎవరో అన్నీ ఓపెన్ చేసిన ఫైలు పంపిస్తారు, తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అది వెయ్యకుండా పది మందితో మొదలుపెట్టి చూడండి. కూమా వచ్చేసరికి ఎంతసేపు పట్టిందో నాకు కార్డు ముక్క రాయండి. ఎడ్డీతో కాళ్ళ బటన్లు బాది తెచ్చుకున్న కూమా మాత్రం లెక్కలోకి రాదు సుమండీ!